అసలు మాత్ర, సుద్ద మాత్ర

ఎండాకాలం మూడో వారం, సోమవారం

స్టేషన్లో చెప్పే చిట్టా వేరు. ఎన్ని ట్రిప్పులు తిరిగాం, ఎంతమంది ఎక్కారు, గాలి ఎటు వీచింది, అంతే అందులో ఉంటుంది. ఇది నా సొంతానికి. పాత బండిలోంచి పీకేసిన డబ్బా ఒకటి రాజులు ఇచ్చాడు. మాట్లాడితే దాచుకుంటుంది. ఇవాళ జరిగింది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి. మనుషులకి చెప్పలేను.

పొద్దుటి ట్రిప్పులో గాలిపేట కొండ నుంచి మెట్టవాడ కొండకి వస్తున్నాను. బండి నిండుగా ఉంది. బడికెళ్ళే పిల్లలు, నీళ్ళ డబ్బాలు, ఒక మేక. సరిగ్గా లోయ మధ్యకి వచ్చేసరికి ఎదర తీగ వంకరగా కనిపించింది. కిందికి సాగడం కాదు, అది రోజూ ఉండేదే. ఒకచోట ఎవరో పట్టి మెలిపెట్టినట్టు పక్కకి తిరిగి ఉంది. ఇరవై ఏళ్ళకి పైగా ఈ తీగబండి నడుపుతున్నాను, అలాంటిది ఎప్పుడూ చూడలేదు. బ్రేకు వేసేశాను.

లోయ మీద బండి ఆగితే ఎవరూ మాట్లాడరు. కింద ఉప్పునీళ్ళు, పైన ఎండ. ఎండ పూర్తిగా ఎక్కకముందే అవతలికి చేరకపోతే బండి పెనంలా కాలిపోతుంది. పిల్లల కళ్ళకి నల్లద్దాలు పెట్టించి, తెరలు దించి, రాజులుకి కబురు పెట్టాను. రెండో బండి నడిపేది అతనే, తీగ చూసేదీ అతనే. కప్పీకి వేలాడుతూ వచ్చాడు.

"ఎక్కడ పిన్నీ?"

"అదిగో, నీ ముందే."

నేను చూపించిన చోట చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమాడు. "తిన్నగా ఉంది. నూలు పెట్టి గీసినట్టుంది" అన్నాడు.

తీగ మీద ఉన్న అతని చెయ్యి కూడా వంకరగానే కనిపించింది నాకు. మోచెయ్యి లేనిచోట వంగింది.

"ఎండ తగిలింది పిన్నీ, నీళ్ళు తాగు" అని వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగాను. బండి మెట్టవాడ చేర్చాను.

బుధవారం

పైడితల్లి అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. నేను వెనక మంచం మీదున్నాను. పైడి నా తోడికోడలు. మేమిద్దరం అన్నదమ్ముల్ని చేసుకున్నాం, ఆ ఇద్దరూ ఒకే తుఫానులో పోయారు. అప్పట్నుంచీ డ్రైవర్లకిచ్చే ఈ స్టేషను గదిలో ఇద్దరమే ఉంటున్నాం. రాతిగోడల గది, చల్లగా ఉంటుంది. అంతకు ముందు కింద హాల్లో ఉన్నప్పుడు పైడి వేడికి రెండుసార్లు పడిపోయింది.

అది ఇటు తిరిగి ఏదో అడిగింది. నేను కుడి కన్ను మూసి చూశాను. రెండు చెవులు, జడ, చెవి పక్క తెల్లవెంట్రుకలు అన్నీ ఉన్నాయి. ముక్కూ నోరూ ఉండాల్సినచోట బూడిద రంగు మరక. మరక లోపల్నుంచి మాట వస్తోంది.

"ఏటక్కా, ఒంటికన్నుతో సూస్తన్నావు?"

"నలుసు పడింది."

ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. పైడి మొహం మొత్తం ఉంది. చచ్చి బతికినట్టయింది. అయితే ఒక కన్నే. ఇంకొకటి ఉంది. ఒక కంటితో నడపలేనా? నడపగలను. ఆ తీగ ఎక్కడ ఊగుతుందో నాకు ఒంటికి తెలుసు.

డ్రైవరు కళ్ళు పోయాయని తెలిస్తే ఆ రోజే బండి దించేస్తారు, గది కూడా పోతుంది. చెప్పకూడదని ఇవాళ్టికి నిర్ణయించుకున్నాను.

శుక్రవారం

మాత్రల ఆడవాళ్ళందర్నీ కమిటీ హాలుకి పిలిచారు.

మాత్రలంటే గుండె మాత్రలు. ఈ వేడికి మా కొండల మీద నలభై దాటిన ఆడవాళ్ళ గుండెలు తొందరగా అలిసిపోతున్నాయని, ఏడేళ్ళ క్రితం పాత డాక్టరు మొదలుపెట్టించాడు. బి విటమిన్లేవో మూడు కలిపిన మాత్ర. పైడి పనిచేసే తొట్టి గదిలోనే ఈస్టు పులియబెట్టి తీస్తారు. మొత్తం రెండు వందలమందిమి ఉన్నాం. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అచ్చం అలాగే ఉండే సుద్ద. ఎవరిది ఏదో మాకూ తెలీదు, ఇచ్చేవాళ్ళకీ తెలీదు. ఆ వివరం అవతలి కొండ మీది ఆసుపత్రిలో దాచి ఉంచారు. తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలట.

ఇప్పుడున్న డాక్టరు నస్రీన్. చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండవు. లేచి నిలబడి ఉన్నమాట చెప్పేసింది. "అవతలి కొండ నుంచి ఏడేళ్ళ ఫలితం వచ్చిందమ్మా. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకీ, సుద్ద వేసుకున్నవాళ్ళకీ గుండె జబ్బుల్లో తేడా ఏం లేదు."

మగ్గం పనిచేసే గున్నమ్మ పెద్దగా నవ్వింది. "అయితే ఇన్నాళ్ళూ ఉత్తినే మింగేమా డాక్టరమ్మా?"

కమిటీ పెద్ద కొర్రా సోమన్న నవ్వలేదు. ఆయన మంచివాడే. "రెండేళ్ళుగా వానల్లేవు. చెరువుల్లో చేపలు చస్తున్నాయి. బళ్ళో పిల్లలకి సగం ముక్కే వేస్తున్నాం. ఆ తొట్టిలో మాత్రలు మానేసి చేపల మేత చేద్దాం" అన్నాడు. అందరికీ న్యాయంగానే అనిపించింది.

"మూడు వారాలు ఆగండి" అంది నస్రీన్. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చూపు మధ్యలో మసక పడుతోందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వయసుతో వచ్చే జబ్బే, ఈ ఎండకి ఎక్కువైంది. వాళ్ళకీ ఈ మాత్రకీ ఏమైనా సంబంధం ఉందేమో చూడాలి. అందరి కళ్ళూ పరీక్ష చేస్తాను."

అక్కడికక్కడే వరసలో నిలబెట్టింది. ఒక గళ్ళ కాగితం, మధ్యలో నల్లచుక్క. ఒక కన్ను మూసుకుని చుక్కని చూడాలి. గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చెప్పాలి.

కుడి కంటికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎడమ కంటితో చూస్తే చుక్క లేదు. చుక్క ఉండాల్సినచోటికి గీతలన్నీ తూములోకి నీళ్ళు పోయినట్టు సుడి తిరిగి పోతున్నాయి.

"తిన్నగా ఉన్నాయా అమ్మా?"

వెనక గున్నమ్మ ఉంది. ఆమె వెనక రాజులు వాళ్ళమ్మ. అందరికీ వినిపిస్తుంది.

"ఉన్నాయి" అన్నాను.

నాలుగో వారం, మంగళవారం

ఇవాళ మనిషిని చంపేసేదాన్ని.

సాయంత్రం ట్రిప్పు. మెట్టవాడ ప్లాట్‌ఫారం దగ్గరికి వస్తుంటే ఇంకా దూరం ఉందనుకున్నాను. బ్రేకు మీద చెయ్యి వేసేలోపే బండి వెళ్ళి దిమ్మకి గుద్దుకుంది. నిలబడ్డవాళ్ళంతా ఒకరిమీద ఒకరు పడ్డారు. సుకురి అని, ఏడో నెల పిల్ల, మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. అరవలేదు. నా వైపు చూసింది, అంతే.

నస్రీన్ వచ్చి చూసి బిడ్డకి ఏం కాలేదంది. సుకురి మొగుడు నాకే దండం పెట్టాడు, బండి పడిపోకుండా ఆపానని.

"బ్రేకు పట్టలేదు" అని చెప్పాను రాజులుకి. మధ్యాహ్నం బండ రాళ్ళు పగిలే ఎండలో అయినా సరే రేపే బ్రేకు మొత్తం విప్పి చూస్తానన్నాడు.

బుధవారం

రాజులు పొద్దున్నుంచీ బండి కింద పడుకుని బ్రేకు విప్పుతున్నాడు. అందులో ఏమీ ఉండదు. చేతులు కాలి బొబ్బలెక్కాయి. మజ్జిగ ఇచ్చి వచ్చాను. "నీ తప్పేం లేదు పిన్నీ, బాధపడకు" అన్నాడు.

నాకు జ్వరంగా ఉందని, కొన్నాళ్ళు నా ట్రిప్పులు కూడా తననే తిప్పమని చెప్పాను. జ్వరం లేదు. కానీ ఆ బండి మళ్ళీ ఎక్కలేను.

అయిదో వారం, శనివారం

అవతలి కొండ నుంచి వివరం వచ్చింది. నస్రీన్ ఒక్కొక్కరినీ పిలిచి ఎవరిది ఏ మాత్రో చెప్పింది. పైడి, నేను కలిసే వెళ్ళాం.

"నూకరత్నమ్మగారూ, మీది అసలు మాత్ర. పైడితల్లిగారూ, మీది సుద్ద."

పైడి తన చేతులు చూసుకుంది. "నా సేత్తో నేను ఆ ఈస్టు తీసి, నేనే సుద్ద మింగేనా?" అంది. తర్వాత నవ్వింది. తర్వాత నా భుజం మీద ఒకటేసింది. "పోన్లే, నీకైనా అసలుదొచ్చింది. అందుకే నీ కళ్ళు బాగున్నాయి."

నస్రీన్ మొహం వెలిగిపోతోంది. సుద్ద తిన్న వందమందిలో పదిహేడుగురికి కళ్ళు మసకబారాయి. అసలు మాత్ర తిన్న వందలో పదిమందికే. గుండె కోసం ఇచ్చిన మందు కళ్ళ దగ్గర పనిచేస్తోందేమో, అంది.

"ఏమో కాదు, పనిసేస్తంది" అంది పైడి.

"ఇంకా గట్టిగా అనలేనమ్మా. తేడా చాలా సన్నం. ఈ పదిమందికి ఇంకొకరో ఇద్దరో కలిశారంటే వచ్చే శుక్రవారం కమిటీ మీటింగులో సోమన్నగారు నా మాట వినరు. పిల్లల తిండి ముందు ఇది నిలబడాలి కదా."

నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఒకరు నేనే.

ఏడేళ్ళు రోజూ పొద్దున్నే అసలు మాత్రే మింగాను. ఒక్కరోజు మానలేదు. అయినా నాకు వచ్చింది. సుద్ద తిన్న పైడి కళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు.

సోమవారం

పైడికి తెలిసిపోయింది.

పొద్దున అంబలి పోస్తున్నాను. గిన్నెలో పోశాననే అనుకున్నాను. పైడి కాళ్ళ మీద పోశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తన చేత్తో నా కుడి కన్ను మూసింది.

"నా మొగంలో ఏటి కనిపిస్తంది?"

అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది. "చెవులు" అన్నాను.

పైడి కాళ్ళ మీది అంబలి తుడుచుకోలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"బండి ఆపిన రోజు నుంచి. అంతకుముందే వచ్చిందేమో, తెలీలేదు."

"సుకురి పడినప్పుడు కూడా?"

"ఆఁ."

తిట్టింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నన్ను ఎప్పుడూ తిట్టని పైడి, నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ పిల్లకేమైనా అయితే ఏం చేద్దువని అడిగింది. నిజమే. నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్తానని లేచాను. అప్పుడు చెయ్యి పట్టుకుంది.

"మీటింగయిందాకా ఎల్లకు."

"ఏం?"

"నువ్వు సెప్పేవంటే మాత్ర పోతాది. మా యమ్మ ఆకర్న నన్ను పోల్సలేక మొగమంతా తడిమేది. నువ్వు సూడలేదు, నేను సూసేను. నేను ఏడేళ్ళు సుద్ద తిన్నానక్కా. ఇప్పుడైనా నన్ను అసలుది తిననీ. బండెలాగూ నడపట్లేదు కదా. నాలుగు రోజులు నోరు మూసుకో, సాలు."

"నాకు పనిచెయ్యలేదు కదే, ఆ మాత్ర."

"నీకు సెయ్యకపోతే నాకు సెయ్యదా?"

నాలుగు రోజులు ఆగితే దానికి మాత్ర, నాకు ఇంకొన్నాళ్ళు గది. ఎవరికీ నష్టం లేదు అనిపిస్తుంది. కానీ ఆ లెక్క తప్పు. తప్పు లెక్క చూసి పిల్లల పళ్ళెంలో ముక్క తగ్గిస్తారు. ఇవాళంతా ఇదే తిరుగుతోంది బుర్రలో. అన్నం సహించలేదు. పైడీ తినలేదు.

గురువారం

మీటింగు రేపు. పొద్దున్నే నస్రీన్ దగ్గరికి వెళ్ళాను. పైడి నాతో రాలేదు, వద్దని మళ్ళీ అననూ లేదు.

మందు చుక్కలు వేసి, లైటు పెట్టి, రెండు కళ్ళూ చూసింది. చూసినంతసేపూ ఊపిరి కూడా మెల్లగా వదిలింది.

"ఎడమ కంటిలో నీరు చేరిందమ్మా. మధ్యచూపు తిరిగి రాదు. కుడి కంటిలో కూడా చిన్న చిన్న మచ్చలు మొదలయ్యాయి. అవి అలాగే ఉండిపోవచ్చు, పెరగనూవచ్చు."

కుడి కన్నొకటి ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ తిరిగాను.

"మరి ఆ మాత్ర?" అని అడిగాను. "ఏడేళ్ళు తిన్నాను కదమ్మా."

"గొడుగు వేసుకున్నా కొందరు తడుస్తారమ్మా. గొడుగున్నవాళ్ళలో తడిసేవాళ్ళు తక్కువ ఉంటారు, అంతే. మీరు తడిసినవాళ్ళలో ఉన్నారు."

ఆ పిల్ల చేతిలో నా పరీక్ష వివరం ఉంది. దాన్ని చూస్తోంది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు, నా మనసులో నాలుగు రోజులుగా ఉన్నదే. నేను మీటింగయ్యాక, ఎల్లుండి వస్తే బాగుండేదని.

"ఎవరికీ చెప్పలేదా మీరు?" అంది.

"పైడికి తెలుసు."

తల వంచుకుని పదిలో ఒకటి కలిపి పదకొండు అని వేసింది. వేశాక కళ్ళు తుడుచుకుంది. "రేపు మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను. బ్రేకు సంగతి కూడా చెప్పాలి."

శుక్రవారం

హాలు నిండిపోయింది. సుకురి ముందు వరసలో ఉంది. రాజులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

నస్రీన్ తన లెక్క చెప్పి నన్ను పిలిచింది. లేచాను. కూర్చునే చెప్పొచ్చని సోమన్న అన్నా నిలబడే చెప్పాను. అసలు మాత్ర తిన్నానని చెప్పాను. కన్ను పోయిందని, గళ్ళ కాగితం దగ్గర అబద్ధం ఆడానని, ఆ రోజు బ్రేకు బాగానే ఉందని, బాగోలేనిది నా కన్నని చెప్పాను. సుకురికి చేతులు జోడించాను. ఆమె మొగుడు ఏదో అనబోయాడు, సుకురి ఆపింది. రాజులు నా వైపు చూడలేదు. బొబ్బల చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి చూస్తున్నాడు.

సోమన్న నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, నీకే పనిచెయ్యని మాత్ర కోసం పిల్లల తిండి ఆపమంటావా?"

"నా ఒక్కదాన్ని చూసి ఆపొద్దు, నా ఒక్కదాన్ని చూసి నడపొద్దు" అన్నాను. "అటు పదిహేడు, ఇటు పదకొండు. నిన్నటిదాకా పది అని చెప్పేవాళ్ళు, నేను దాచాను కాబట్టి. ఇప్పుడున్నది నిజం లెక్క. దీన్ని బట్టి మీరేం చేసినా సరే."

నేను కూర్చోబోతుంటే నా వెనక కుర్చీ కదిలింది. గున్నమ్మ. ఆ రోజు నవ్విన గున్నమ్మ.

"నేను కూడా అబద్దమే సెప్పేను" అంది. "దారం రంగులు తెలీట్లేదు నాకు. మగ్గం మీంచి దించేస్తారని..."

నస్రీన్ వేలు కాగితం మీద వెతుకుతోంది. ఆ వేలు ఆగేదాకా హాలంతా ఆమెనే చూసింది. "అసలు మాత్ర" అంది. పన్నెండు.

పైడి నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇదంతా నేను మొదలుపెట్టిందే. అయిపోయింది, మాత్ర పోయింది అనుకున్నాను.

అప్పుడు రాజులు వాళ్ళమ్మ లేచింది. రాజులు గుమ్మం దగ్గర్నుంచి "అమ్మా?" అన్నాడు. "అవున్రా, నీ మొగం కనబడక ఆర్నెల్లయింది" అంది. సుద్ద. ఆమె పక్కన కూర్చున్న ఆమె లేచింది. సుద్ద. కిటికీ దగ్గర్నుంచి ఇంకొకామె లేవకుండానే చెయ్యెత్తింది. సుద్ద. నస్రీన్ ఒక్కొక్కటే చదువుతోంది, చదివిన ప్రతిసారీ గొంతు కొంచెం పైకి వస్తోంది. ఇంకో ఇద్దరు లేచారు. ఇద్దరిదీ సుద్దే.

ఇరవై రెండు, పన్నెండు.

ఇంతమందిమి ఒకే వరసలో నిలబడి, ఒకరి వెనక ఒకరం, ఒకే అబద్ధం చెప్పామన్నమాట.

కమిటీ వాళ్ళు పక్కకెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. వానలు పడేదాకా తొట్టి చేపలకే. పడ్డాక నెలలో సగం రోజులు మాత్రలకి. ఇంకా కళ్ళు బాగున్నవాళ్ళకే ముందు ఇస్తారు, సుద్ద తిన్నవాళ్ళతో మొదలుపెట్టి. ఎవరికీ పూర్తి సంతోషం లేదు. ఎవరూ గట్టిగా కాదనలేదు.

పైడి పేరు మొదటి వరసలో ఉంది. నా పేరు లేదు. ఉండదని నాకు తెలుసు, అయినా చదివినంతసేపూ విన్నాను.

వానాకాలం మొదటి వారం, ఆదివారం

చాలా రోజులైంది ఈ డబ్బాతో మాట్లాడి. సుకురికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. రాజులు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నిన్న వాళ్ళమ్మని చెయ్యి పట్టి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టి, "కాసేపు కబుర్లు చెప్పు పిన్నీ, ఇంట్లో ఒంటరిగా కూచుని బెంగపడుతోంది" అని వెళ్ళాడు.

కింద హాలుకి మారిపోయాం. వేడే. తడిగుడ్డలు కట్టుకుని గడుపుతున్నాం. పైడి ఒకసారి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, పడలేదు. ఈ హాల్లోకి తెచ్చింది నేనే కదా అని నాకు లోపల పీకుతూనే ఉంది. అది మాత్రం ఒక్కమాటా అనలేదు.

చినుకులు మొన్న పడ్డాయి. తొట్టి కడిగారు. ఇవాళ పొద్దున పైడికి మొదటి మాత్ర వచ్చింది. నాలిక మీద పెట్టుకుని మొహం ముడిచింది.

"సుద్ద లాగే ఉంది" అంది. మింగి నీళ్ళు తాగింది. "ఇది పనిసేస్తదంటావా అక్కా?"

"తెలీదు. వేసుకో."

తర్వాత ఇద్దరం నస్రీన్ దగ్గరికి వెళ్ళాం. నా కుడి కన్ను చూసింది. మచ్చలు పెరగలేదట, తగ్గనూ లేదట. వచ్చే నెల మళ్ళీ రమ్మంది.

"వచ్చే నెలకి ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాను.

"చూద్దాం" అంది.

ఆ మాట కాకుండా ఇంకేదైనా చెప్పమన్నాను. ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. కాసేపటికి, ఇంకే మాటా లేదంది.